డెస్డిమోనా రుమాలు పారేసుకోలేదు

సంపాదకులకు,

అయ్యా,

మీ ఆదివారం సాహిత్య పేజీలో షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’ నాటకంలోని చేతిరుమాలు గురించి వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాం. కథ తెలియనివాళ్ళకు రెండు మాటల్లో: ఒథెల్లో వెనిస్ సేనాపతి, మూర్, అంటే ఆఫ్రికా నుంచి వచ్చిన నల్లజాతివాడు. అతని భార్య డెస్డిమోనా. ఆమెకు క్యాసియో అనే అధికారితో సంబంధం ఉందని అతని పతాకధారి ఇయాగో అబద్ధం చెబుతాడు, ఒథెల్లో ఆమెకిచ్చిన రుమాలును క్యాసియో గదిలో పడేసి దాన్నే రుజువు చేస్తాడు. ఒథెల్లో నమ్మి భార్యను చంపుతాడు. వ్యాసకర్త మూడు మాటలు చెప్పారు. రుమాలు డెస్డిమోనా పాతివ్రత్యానికి గుర్తు అన్నారు. అది తెల్లటి పట్టు మీద ఎర్రటి స్ట్రాబెర్రీలు కుట్టినది అన్నారు. ఆమె అజాగ్రత్తగా పారేసుకుంటే ఇయాగో దొంగిలించాడు అన్నారు. డిగ్రీ తరగతుల నోట్సుల్లో తరచూ కనిపించే మాటలే ఇవి. మూడోది తప్పు. రెండోదానికి నాటకంలో సగం ఆధారమే ఉంది. మొదటిది తప్పనలేం గానీ, అక్కడే ఆగిపోతే రుమాలు పరీక్ష జవాబుకు పనికొస్తుంది, నాటకం అర్థం కావడానికి పనికిరాదు.

ముందు మూడో మాట సంగతి. మూడో అంకం మూడో రంగం తీయండి. ఇయాగో అప్పటికే అనుమానం నూరిపోసి వెళ్ళాడు. విందుకు పిలిచిన సైప్రస్ పెద్దలు కాచుకుని ఉన్నారని చెప్పడానికి డెస్డిమోనా వస్తుంది, వెంట ఆమె పరిచారిక, ఇయాగో భార్య ఎమిలియా ఉంటుంది. గొంతు నీరసంగా ఉందేం, ఒంట్లో బాగాలేదా అని ఆమె అడిగితే, నుదుటి మీద ఇదిగో ఇక్కడ నొప్పిగా ఉందంటాడు ఒథెల్లో. ఈ మాటలో ఒక చేదు ఉంది. భార్య తప్పు చేస్తే మొగుడి నుదుట కొమ్ములు మొలుస్తాయని ఆ కాలపు ఐరోపా వెక్కిరింత. అతను ఆ కొమ్ముల సంగతి అంటున్నాడు. ఆమెకు అది నిద్రలేమి వల్ల వచ్చిన తలనొప్పిగానే వినిపించింది. గట్టిగా కడతాను, గంటలో తగ్గిపోతుంది అని రుమాలు తీస్తుంది. “నీ రుమాలు మరీ చిన్నది. వదిలెయ్, పద లోపలికి” అంటాడు. ఇద్దరూ వెళ్ళిపోతారు. రుమాలు నేల మీద ఉంటుంది.

‘అతను తోసేస్తే రుమాలు కింద పడుతుంది’ అని ఇప్పటి ముద్రణల్లో కనిపించే రంగసూచన తరవాతి సంపాదకులు చేర్చినది. నాటకం తొలి ముద్రణలైన 1622 నాటి క్వార్టోను, 1623 నాటి ఫోలియోను పక్కపక్కన పెట్టుకున్నా మనకు దొరికేది ఆ సంభాషణే. అయినా దాన్నిబట్టి రెండు సంగతులు తేలుతున్నాయి. రుమాలు బయటికి వచ్చింది అతనికి సేవ చేయడానికి. వద్దన్నది అతను. ఆమె దృష్టి అతని ముఖం మీద ఉంది గనక కింద పడ్డదాన్ని చూడలేదు. మరి ‘అజాగ్రత్త’ అన్న మాట ఎక్కడిది? ఎమిలియాది. మొగుడితో మాట్లాడుతూ, ఆవిడ చూసుకోకుండా జారవిడిచింది, నేను పక్కనే ఉన్నాను గనక తీసుకున్నాను అంటుంది. దొంగిలించావా అని అడిగిన మొగుడికి ఇచ్చుకున్న సంజాయిషీ అది. నోట్సులు రాసేవాళ్ళు దాన్నే నాటకకర్త తీర్పుగా ఎత్తి రాసేశారు.

ఇక ఒథెల్లో. ఆ రుమాలును తానే వద్దన్న సంగతి అతనికి నాటకం చివరిదాకా ఒక్కసారి కూడా గుర్తు రాదు. అది పోయిందని నిలదీస్తాడు, దాన్ని చూశానని ఒట్టేస్తాడు, దాని కోసం చంపుతాడు. పొద్దున తన నుదుటికి అడ్డుపెట్టబోయిన గుడ్డ అదేనని ఒక్క క్షణం తట్టి ఉంటే ఆ కథ అంతదూరం పోయేది కాదు. ఈ నాటకంలో రుమాలు గురించి ఏదైనా ఒక్క విషయమే చెప్పమంటే, మేము చెప్పేది ఇదే.

దొంగతనం గురించి ఇంకో మాట. షేక్‌స్పియర్‌కు మూలమైన ఇటాలియన్ కథ 1565లో అచ్చయిన చింథియో కథల సంపుటిలో ఉంది. అందులో నిజంగానే దొంగతనం ఉంది. సైన్యంలో పతాకధారిగా ఉన్నవాడు తన 3 ఏళ్ళ కూతుర్ని తీసుకొచ్చి డిస్డెమోనా (ఆ కథలో ఆమె పేరు ఇలాగే ఉంటుంది) చేతికిస్తాడు. ఆవిడ పిల్లను గుండెకు హత్తుకుని ముద్దు చేస్తుండగా నడుముకు దోపుకున్న రుమాలును లాగేస్తాడు. షేక్‌స్పియర్ ఆ పిల్లను తీసేశాడు, దొంగతనాన్నీ తీసేశాడు, దాని స్థానంలో తలనొప్పిని, కట్టబోయిన చేతిని, వద్దన్న చేతిని పెట్టాడు. మూలంలో దుర్మార్గుడి చేతివాటం వల్ల పోయిన వస్తువు ఇక్కడ మొగుడూపెళ్ళాల మధ్య జారిపోయింది. ‘ఇయాగో దొంగిలించాడు’ అని రాస్తే, షేక్‌స్పియర్ పనిగట్టుకుని తీసేసినదాన్ని మనం మళ్ళీ తెచ్చి అతికించినట్టే.

రుమాలును విద్యార్థులకు చెప్పాలంటే గుర్తుల జాబితాతో కాకుండా చేతుల పట్టికతో మొదలుపెట్టడం మేలు. బోర్డు మీద అడ్డంగా నాలుగు గళ్ళు గీయండి: ఎవరి చేతిలో ఉంది, ఎలా వచ్చింది, అప్పుడు వాళ్ళకు ఏం తెలుసు, దాంతో ఏం చేద్దామనుకున్నారు. ఒథెల్లో తల్లి, ఒథెల్లో, డెస్డిమోనా, నేల, ఎమిలియా, ఇయాగో, క్యాసియో గది, క్యాసియో, అతని ప్రియురాలు బియాంకా, మళ్ళీ క్యాసియో. నేలనూ గదినీ వదిలేయకండి. అక్కడ రుమాలు ఎవరిదీ కాదు, దానికి ఎవరు ఏ అర్థం చెప్పినా చెల్లుతుంది. మూడో గడి నింపేటప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. ఎమిలియాకు అది ఎలా వచ్చిందో తెలుసు, ఎందుకో తెలియదు. క్యాసియోకు తన గదిలో దొరికిందని తెలుసు, ఎవరిదో తెలియదు. బియాంకాకు క్యాసియో ఇచ్చాడని తెలుసు, వాడికి ఇంకెవతో ఇచ్చి ఉంటుందని అనుమానం. డెస్డిమోనాకు పోయిందని మాత్రమే తెలుసు. అన్ని గళ్ళూ నిండేది ఒక్క ఇయాగో వరసలోనే. మిగతావాళ్ళలో ఏ ఇద్దరు కలిసి నోరు విప్పినా కట్టుకథ కూలిపోతుంది. చివరికి కూలేది కూడా అలాగే. ఎమిలియా, క్యాసియో తమ తమ గళ్ళలో ఉన్నది బయటికి చెప్పేస్తారు, అంతే. అప్పటికి మంచం మీద మనిషి పోయింది.

పట్టికలో ఎమిలియా వరస దగ్గర కాసేపు ఆగాలి. మూడో అంకం నాలుగో రంగం మొదట్లోనే డెస్డిమోనా అడుగుతుంది, ఆ రుమాలు ఎక్కడ పోగొట్టుకున్నానో ఎమిలియా అని. “నాకు తెలీదమ్మా” అంటుంది ఎమిలియా. నాటకం మొత్తంలో అతి చిన్న అబద్ధం ఇదే కావచ్చు. ఆ రుమాలు కనబడకపోతే ఆవిడకు పిచ్చెత్తిపోతుంది పాపం అని అంతకు ముందు రంగంలో మొగుడితో అన్నది ఈమే. దాన్ని అప్పగించబోతూ ఎందుకో చెప్పమని నిలదీసింది కూడా. అతను సమాధానం చెప్పకుండా లాక్కున్నాడు. అయినా అడిగినప్పుడు చెప్పదు. ఇది దుర్మార్గం కాదు, మొగుడికి భయపడో అలవాటుపడో నోరు మూసుకోవడం. అయిదో అంకంలో ఆమె గొంతు పగిలేలా అరిచి నిజం చెప్పడానికి బరువు ఈ నాలుగక్షరాల అబద్ధం నుంచే వస్తుంది.

అనువాదాల్లో తరచూ బెసికే మాట ఒకటుంది. రుమాలు మీది కుట్టుపనిని ‘టేకవుట్’ చేయడమని ఇంగ్లిష్‌లో మళ్ళీ మళ్ళీ వస్తుంది. దాన్ని ‘కుట్టు విప్పేయడం’ అని రాసినవాళ్ళున్నారు. అలా రాస్తే క్యాసియో ఆ పండ్లను ఊడదీయమని బియాంకాకు ఇచ్చినట్టు అవుతుంది, అందులో అర్థమే లేదు. ఆ కాలపు ఇంగ్లిష్‌లో దానర్థం నమూనా దించుకోవడం. మన కుట్టుపనివాళ్ళు డిజైన్ దించడం అంటారే, అదే. క్యాసియో అనేది ఇదీ: పనితనం నచ్చింది, ఎవరో వచ్చి అడగకముందే దీనిలాంటిది ఇంకొకటి కుట్టిపెట్టు.

ఈ మాట సరిగ్గా పట్టుకుంటే ఒక దారం మొత్తం చేతికొస్తుంది. రుమాలు ఎత్తిన వెంటనే ఎమిలియా అనుకునేది కూడా ఇదే, నమూనా దించి ఇయాగోకు ఇస్తానని. అంటే అసలుది దొరసానికే చేర్చాలన్న ఆలోచన ఉన్నట్టుంది. నమూనా దించే తీరిక ఇవ్వకుండా మొగుడు వచ్చేశాడు. తరవాత క్యాసియో బియాంకాకు ఇచ్చాడు. ఇంకెవతో ఇచ్చిన రుమాలుకు నేను నకలు కుట్టాలా అని ఆమె తీసుకొచ్చి వాడి ముఖాన కొట్టింది. ఎమిలియా, క్యాసియో, బియాంకా, ముగ్గురి నోటా నకలు మాట వస్తుంది, నకలు మాత్రం తయారు కాదు. చింథియో కథలో క్యాప్టెన్ (ఇక్కడి క్యాసియో) ఇంట్లో ఉన్న కుట్టుపని తెలిసిన ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని నకలు కుడుతుంటే మూర్‌కు చూపిస్తారు. షేక్‌స్పియర్ దాన్ని మధ్యలోనే ఆపేశాడు. లోకంలో అలాంటి రుమాలు ఒక్కటే మిగిలింది. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు దోషి.

ఆ రుమాలుకు ఒథెల్లో చెప్పే పుట్టుక కథలు రెండు. మూడో అంకం నాలుగో రంగంలో చెప్పేది ఇలా ఉంటుంది. ఒక ఈజిప్షియన్ మంత్రగత్తె దాన్ని మా అమ్మకిచ్చింది. దగ్గరున్నంత కాలం నాన్న ఆమె వశం, పోగొట్టుకున్నా ఎవరికైనా ఇచ్చినా ఆయనకు ఆమె మీద అసహ్యం. 200 సంవత్సరాలు చూసిన సిబిల్, అంటే జోస్యం చెప్పే స్త్రీ, పూనకంలో దాన్ని కుట్టింది. పట్టు ఇచ్చిన పురుగులు పవిత్రమైనవి. కన్యల గుండెల నుంచి తీసి భద్రపరచిన ‘మమ్మీ’ అనే పదార్థంలో దానికి రంగు వేశారు. అయిదో అంకంలో, హత్య అయ్యాక, అందరి ముందు అనేది వేరు: అది పాతకాలపు కానుక, మా నాన్న మా అమ్మకిచ్చాడు. మంత్రగత్తె లేదు, సిబిల్ లేదు. ఏది నిజం అని పండితులు చాలా కాగితం ఖర్చుపెట్టారు. అది తేల్చడం కన్నా ఏ కథ ఎప్పుడు చెప్పాడో చూడటం ముఖ్యమని మా అభిప్రాయం. మొదటిది భార్యను భయపెట్టడానికి చెప్పింది, ఆమె భయపడింది కూడా. అసలు దాన్ని చూడకుండా ఉంటే బాగుండేది దేవుడా అంటుంది. భయపడి, పోలేదని అబద్ధమాడుతుంది. రెండోది పెద్దల ముందు తనను సమర్థించుకోవడానికి చెప్పింది, అక్కడ మంత్రాల ఊసు పనికిరాదు. డెస్డిమోనాను మంత్రం వేసి లొంగదీసుకున్నాడని వెనిస్ సభలో ఆమె తండ్రి వేసిన నింద మొదటి అంకంలోనే ఉంది. అప్పుడు దాన్ని నవ్వుతూ కొట్టిపారేసినవాడే మూడో అంకానికి వచ్చేసరికి ఇంట్లో అదే మంత్రం గురించి మాట్లాడుతున్నాడు.

రంగు సంగతికి వద్దాం. నాటకంలో ఉన్నది ‘స్ట్రాబెర్రీలతో చుక్కలు చుక్కలుగా’ అన్న మాట మాత్రమే, అది కూడా ఇయాగో నోట. తెలుపు అన్న మాట ఎక్కడా లేదు. మమ్మీ అంటే ఎండబెట్టిన శవాల నుంచి తీసిన ముదురు పదార్థం. అప్పట్లో ఐరోపా మందుల దుకాణాల్లో ఔషధంగా అమ్మేవారు. దాంతో అద్దకం వేస్తే గుడ్డ ముదురు గోధుమకో నలుపుకో తిరుగుతుంది గానీ తెల్లగా ఉండదు అని ఇయాన్ స్మిత్ అనే పండితుడు 2013లో వాదించాడు. రుమాలును డెస్డిమోనా తెల్లటి ఒంటికి కాకుండా ఒథెల్లో నల్లటి ఒంటికి గుర్తుగా చూడమంటాడు. వాదన బలమైనదే. అయితే అది మొదటి కథ నిజమైతేనే నిలబడుతుంది. రెండో కథలో అద్దకం ఊసే లేదు.

తెలుపును పట్టుకున్నవాళ్ళకు ఆధారం వేరు. లిండా బూస్ అనే పండితురాలు 1975లో రాసిన వ్యాసంలో ఎర్రటి చుక్కలున్న ఆ చిన్న గుడ్డను తొలిరాత్రి దుప్పటితో పోల్చింది. దానికి నాటకంలోనే ఊతం ఉంది. నాలుగో అంకం రెండో రంగంలో డెస్డిమోనా తన పెళ్ళి దుప్పట్లు పరవమని పురమాయిస్తుంది. అయిదో అంకం మొదటి రంగంలో ఒథెల్లో ఆ పక్క మీద నెత్తురు చుక్కలు పడతాయంటాడు, రుమాలుకు ఇయాగో వాడిన ఆ ‘చుక్కలు’ అన్న మాటే వాడతాడు. ఇది చాలా బాగుంది. కానీ దీన్నే తాళంచెవి అనుకుంటే బియాంకా రంగానికి వచ్చేసరికి తలుపు తెరుచుకోదు. ఆమెకు అది ఎవతో తన ప్రియుడికి ఇచ్చిన చవకబారు కానుక, అంతకన్నా ఏం కాదు. స్ట్రాబెర్రీకి కూడా రెండు ముఖాలున్నాయి. క్రైస్తవ చిత్రాల్లో అది మేరీమాత చుట్టూ కనిపించే పవిత్రమైన పండు. లాటిన్ కవి వర్జిల్ మూడో గోపగీతంలో మాత్రం నేల మీది స్ట్రాబెర్రీలు ఏరుకునే పిల్లల్ని పారిపొమ్మంటారు, గడ్డిలో చల్లటి పాముంది అని. లాటిన్ బడిలో చదివిన ప్రేక్షకులకు రెండూ తెలుసు. ఏదో ఒకటి ఎంచుకోమని విద్యార్థిని ఒత్తిడి చేయకండి.

ఇంక కంటితో చూడటం. ఒథెల్లో ఇయాగో గొంతు పట్టుకుని అడిగేది కంటికి కనిపించే రుజువు. దొరికిందేమిటో వరసగా చూడండి. క్యాసియో ఇవ్వాళ ఆ రుమాలుతో గడ్డం తుడుచుకుంటుంటే చూశానంటాడు ఇయాగో. అంతకు కొద్ది నిమిషాల ముందే, ఆ రంగంలోనే, దాన్ని ఎమిలియా చేతిలోంచి లాక్కున్నాడు. ఇంకా క్యాసియో గదిలో పడేయనే లేదు. అంటే కంటి రుజువు గురించి మాట్లాడుతున్న క్షణంలో రుమాలు ఇయాగో దగ్గరే ఉంది, ఒథెల్లోకు మూరెడు దూరంలో. తరవాత నాలుగో అంకంలో, మూర్ఛపోయి లేచాక, దూరంగా దాక్కుని చూస్తుండగా బియాంకా వచ్చి రుమాలు విసురుతుంది. ఒథెల్లో అనే మొదటి మాట: “అది నా రుమాలే అయి ఉండాలి.” వాళ్ళు వెళ్ళాక ఇయాగో రుమాలు చూశారా అంటే, “అది నాదేనా?” అని తిరిగి అడుగుతాడు. గుర్తుపట్టలేదు! మీదే, నా చేతి మీద ఒట్టు అని ఇయాగో చెప్పాకనే అది అతనిదైంది. అయిదో అంకానికి వచ్చేసరికి ‘నా రుమాలు వాడి చేతిలో నేను చూశాను’ అని డెస్డిమోనాతో ఒట్టేసి చెబుతాడు. అడిగినప్పటి సందేహం చెప్పేటప్పటికి లేదు. చూసినదానికీ చూశానని చెప్పుకునేదానికీ మధ్య ఈ జారుడును క్లాసులో చూపించాలంటే ఆ మూడు వాక్యాలూ వరసగా చదివించండి, ఇంకే వ్యాఖ్యానమూ అక్కర్లేదు.

రుమాలు పేరు నాటకంలో 20కి పైగా సార్లు వస్తుంది. నేలన పడి ఇయాగో చేతికి చేరే భాగంలో దాన్ని ‘నాప్‌కిన్’ అంటారు, ఒథెల్లో ఒకసారి, ఎమిలియా ఒకసారి, ఇయాగో ఒకసారి. ఈ మోతను వెక్కిరించినవాడు ఇంగ్లిష్ విమర్శకుడు థామస్ రైమర్. 1693లో, ఒక చేతిరుమాలు కోసం ఇంత గొడవా, ఇంత వల్లించడమా, దీనికి ‘రుమాలు విషాదాంతం’ అని పేరు పెట్టకపోయారా అన్నాడు. ఇల్లాళ్ళు తమ బట్టలు జాగ్రత్తగా చూసుకోవాలన్నదే దీని నీతి కాబోలు అని కూడా ఎకసెక్కమాడాడు. రైమర్ మాటల్ని తిట్టేవాళ్ళే ఎక్కువ గానీ, అతను పట్టుకున్నది నిజమే, వస్తువు అల్పమైనది. ఇయాగోకు కూడా ఆ సంగతి తెలుసు. గాలికి ఎగిరిపోయే అల్పవిషయాలు అసూయపరుడికి వేదవాక్కంత రుజువులు అని అతనే అంటాడు. రైమర్ తప్పుపట్టిన అల్పత్వం మీదే నాటకం నడుస్తోంది. ఫ్రాన్స్‌లో ఈ అల్పత్వాన్ని భరించలేక 1792లో నాటకకర్త డ్యూసీ తన అనుసరణలో రుమాలు తీసేసి వజ్రాల శిరోభూషణం పెట్టాడు. 1829లో కవి ఆల్ఫ్రెడ్ ద విన్యీ తన అనువాదంలో ‘ముషువార్’ (చేతిరుమాలు) అన్న మాటను విషాద నాటక రంగస్థలం మీదికి తెస్తే ప్యారిస్ హాల్లో గగ్గోలు పుట్టింది. ముక్కు తుడుచుకునే గుడ్డ పేరు అక్కడ పలకడమేమిటని.

నాటకం వేయాలనుకునే మన పరిషత్తు బృందాలకు కొన్ని కొలతలు. మగవాడి తల చుట్టుకొలత సుమారు 22, 23 అంగుళాలు. రుమాలును మూలల వెంట మడిచి కడతాం గనక చూడాల్సింది కర్ణం పొడవు. 14 అంగుళాల చదరం గుడ్డకు కర్ణం 20 అంగుళాలకు కాస్త తక్కువ. తల చుట్టూ రాదు, ‘మరీ చిన్నది’ అన్న మాట నిజమని ప్రేక్షకుడికి కళ్ళతోనే తెలుస్తుంది. 18 అంగుళాల గుడ్డకు కర్ణం 25న్నర, ముడి పడిపోతుంది, మాట అబద్ధమైపోతుంది. 8 అంగుళాల గుడ్డ పెడితే మూడో వరస దాటి ఎవరికీ కనిపించదు. 13, 14 అంగుళాల దగ్గర ఆగండి. మరీ చిన్నగా కుట్టిన పండు వెనక వరసకు ఎర్రటి నలకలా ఉంటుంది. అంగుళంన్నర పొడవున, వరసకు 3 చొప్పున 9 పండ్లు చాలు. ముదురు రంగు గుడ్డ ఎంచుకుంటే దీపాల కింద పండ్ల ఎరుపు అందులో కలిసిపోతుంది, ఒక్కో పండు చుట్టూ లేత దారంతో గీత కుట్టండి. పల్చటి పట్టు నిలువుగా పడదు, గాల్లో తేలి కాళ్ళ కింద ఎక్కడికో పోతుంది. ఒక మూల మడతలో చిన్న సీసపు పూస కుట్టేస్తే పెట్టినచోటే పడుతుంది. అచ్చంగా అలాంటివి రెండు తయారుచేసుకోండి, బియాంకా విసిరినప్పుడు ఒకటి తెర వెనక్కి పోతే రెండోది ఉండాలి.

మూడో రుమాలు కూడా ఒకటి కావాలి, దీన్నే అందరూ మరిచిపోతారు. మూడో అంకం నాలుగో రంగంలో ఒథెల్లో జలుబు చేసిందని నటించి నీ రుమాలు ఇవ్వమంటాడు. ఇదిగో అని ఆమె ఇస్తుంది. అది కాదు, నేను నీకిచ్చినది అంటాడు. అంటే ఆమె చేతిలో ఇంకో రుమాలు ఉంది, సాదాది. చాలా ప్రదర్శనల్లో ఆమె వట్టి చేతుల్తో తడుముకుంటుంది, దాంతో ‘అది కాదు’ అన్న మాట గాల్లో వేలాడుతుంది. సాదా రుమాలు చేతిలో పెట్టి చూడండి. ముక్కు తుడుచుకోవడానికి ఏ గుడ్డయినా చాలు. అతనికి కావలసింది గుడ్డ కాదన్నది ఆమెకు తెలిసే క్షణం అది.

రుమాలు పడటం కూడా చేయించడంలో బెసుకుతుంది. డెస్డిమోనా దాన్ని వదిలేస్తే తప్పు ఆమెదవుతుంది. ఒథెల్లో విసిరికొడితే అతను గుర్తుంచుకోవాల్సి వస్తుంది. ఆమె చేయి నుదుటి దాకా వెళ్ళాలి, అతను మణికట్టుతో పక్కకు నెట్టాలి, ఇద్దరి కళ్ళూ ఒకరి ముఖం మీద ఒకరికి ఉండాలి. ఎమిలియా రెండు మూడు అడుగుల దూరంలో నిలబడి చూడాలి. వాళ్ళు వెళ్ళాక అయిదారు క్షణాలు రంగస్థలం మీద గుడ్డా, ఎమిలియా మాత్రమే ఉండాలి. ఆమె గబుక్కున వంగి తీస్తే దొంగలా కనిపిస్తుంది, ఆ తరవాతి మాటల్లో ఉన్న తటపటాయింపు వృథా అవుతుంది. స్పాట్‌లైట్ వేసి రుమాలును చూపించే దర్శకులున్నారు. దయచేసి వద్దు. ఎవరూ గమనించలేదన్నదే అక్కడ జరిగిన విషయం.

మన పాఠకుడికి ఇక్కడ ఒక చిక్కు ఉంది, చెప్పి తీరాలి. మనకు ఆనవాలు అంటే నమ్మకం. రామనామాంకితమైన ఉంగరం చూడగానే సీతకు హనుమంతుడు రాముడి బంటని తెలిసింది. దుష్యంతుడి ఉంగరం శచీతీర్థంలో జారిపోతే శకుంతల పరాయిదైంది, చేప కడుపులో దొరికితే జ్ఞాపకం తిరిగొచ్చింది. వస్తువు అబద్ధమాడదు అన్న అలవాటుతో చదివితే ఒథెల్లో మీద జాలి తొందరగా కలుగుతుంది, ఆనవాలు కళ్ళారా చూశాడు కదా అని. కానీ సుందరకాండలో సీత చేసిన పని గమనించండి. చూడామణి ఒక్కటే ఇచ్చి ఊరుకోలేదు. చిత్రకూటంలో కాకి గీరిన సంగతి, తనకూ రాముడికీ తప్ప ఎవరికీ తెలియనిది, హనుమంతుడికి చెప్పి పంపింది. వస్తువు వెంట మాట వెళ్ళింది. ఒథెల్లో దగ్గరికి వస్తువు వచ్చింది, దాని వెంట వచ్చిన మాట ఇయాగోది. డెస్డిమోనా మాట, ‘అతన్నే పిలిపించి అడుగు’ అన్నది, మంచం మీద చివరి నిమిషంలో వచ్చింది. అతను వినలేదు.

చివరి రంగం గురించి ఒక సూచనతో ముగిస్తాం. రుమాలు నాలుగో అంకం మొదటి రంగంలో ఆఖరుసారి కనిపిస్తుంది. అయిదో అంకంలో దాని పేరు ఆరుసార్లు వినిపిస్తుంది గానీ గుడ్డ తెచ్చి చూపించమని నాటకం ఎక్కడా అడగదు. కొన్ని ప్రదర్శనల్లో క్యాసియో దాన్ని జేబులోంచి తీసి ఒథెల్లో ముందు పరుస్తాడు, ఒథెల్లో దానితో డెస్డిమోనా ముఖం కప్పుతాడు, కంటతడి పెట్టించడానికి. అప్పటికి ఎమిలియా నోటి మాట, క్యాసియో నోటి మాట చాలాయి. రుమాలును ఆ గదిలోకి తేకండి.

ఇట్లు,
నాటక పాఠం చెప్పే కొందరు ఇంగ్లిష్ అధ్యాపకులు,
గుంటూరు